చిన్నాయన కట్టిన ముడి

మా అపార్ట్‌మెంటుకు రంగులు వేస్తున్నారు. పోయిన సోమవారం పొద్దున కాఫీ తాగుతుంటే, నాలుగో అంతస్తులో ఉన్న మా కిటికీ ముందు నుంచి మూడు ఇనుప గొట్టాలు తాడుకు నిలువుగా వేలాడుతూ మెల్లగా పైకి వెళ్లాయి. "లిఫ్టు ఎక్కకుండానే పోతాండాయి చూడు" అని మా ఆవిడ నవ్వింది. నేను లేచి కిటికీ మూసేశాను. దుమ్ము వస్తోందన్నాను. ఇరవై రెండేళ్లుగా పరంజా పనిలోనే బతుకుతున్నవాణ్ణి, ఇప్పుడు ఒక కంపెనీలో కూలీలకు జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం నాది. సైటులో ఎన్నయినా చూస్తాను. ఇంట్లో కూర్చుని, చేతిలో పనేమీ లేకుండా ఆ దృశ్యం చూడటం మాత్రం నా వల్ల కాదు. ఎందుకో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

హిందూపురం దగ్గరి మా ఊరి నుంచి నన్ను బెంగళూరు తీసుకొచ్చింది మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు. డిగ్రీ సగంలో ఆపేసి తిరుగుతుంటే, "చదువు రాకపోతే పోనీలే అబ్బయ్యా, చేతులుండాయి కదా" అని బస్సెక్కించాడు. బెళ్ళందూరులో ఒక పెద్ద కట్టడం లేస్తోంది. ఆయన పని గొట్టాలను, పలకలను మోకుతో పైకి పంపడం. పై అంతస్తులో కప్పీ బిగించి ఉంటుంది. దాని మీదుగా వచ్చిన మోకు ఒక కొసను కింద నలుగురు లాగుతారు, రెండో కొసకు చిన్నాయన సరుకు కడతాడు, పైన నేను అందుకుని విప్పుతాను. "ఎత్తు... ఎత్తు... నిల్లప్పా!" అని ఆయన అరిస్తే ఎనిమిదో అంతస్తులో నాకు పక్కన నిలబడి పిలిచినట్టుండేది. ఆయన కట్టిన ముడి ఎంత బరువేసినా జారేది కాదు, పైన నేను వేలు పెట్టి లాగితే మాత్రం ఊడివచ్చేది. చుట్టుపక్కల సైట్ల మేస్త్రీలు దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు. మోకును ఎవరైనా దాటి నడిస్తే ఆయనకు ఒళ్లు మండేది. సాయంత్రం పని దిగాక దానికంటిన సిమెంటు దులిపి, చుట్టలు చుట్టి, నీడన వేలాడదీసేవాడు. "నా చీర ఒకనాడన్నా అట్ల మడిచినావా?" అని చిన్నమ్మ దెప్పేది. "నీ చీరకు ఎవురి పానమూ వేలాడదు కదే" అనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. రోజూ మొదట గొట్టాలు పంపేవాడు కాదు, తన అన్నం క్యారియర్ పంపేవాడు. చిన్నమ్మ పోసిన చారు అడుగు గిన్నెలో నిండా ఉండేది. అది ఎనిమిది అంతస్తులు ఎక్కి, దిగి, చుక్క ఒలకకుండా రావాలి. వస్తే కప్పీ బాగా తిరుగుతున్నట్టు, ఒలికితే ఎక్కడో తట్టుకుంటున్నట్టు. ఇంజనీర్లు నవ్వేవాళ్లు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. మిగతా కూలీలకు ఇది పొద్దుటి వేడుక, క్యారియర్ దిగుతుంటే ఈలలు వేసేవాళ్లు.

ఆ రోజు చారు సగానికి సగం ఒలికింది. చిన్నాయన క్యారియర్‌ను అలాగే పట్టుకుపోయి సైటు ఇంజనీరు ముందు పెట్టాడు. "సార్, కప్పీ చక్రం పక్కకు ఒరుగుతాంది. మోకు సందులో ఇరుక్కుంటాది. మార్చల్ల." ఆయన గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం మారుద్దాం. మధ్యాహ్నం లోపల ఈ సైడ్ ఫినిష్ కావాలి." అంతటితో ఆగలేదు. కింది అంతస్తులకు అప్పుడే అద్దాలు బిగించారు. పైకి వెళ్లే గొట్టాలు ఊగి వాటికి తగలకుండా, సరుకుకు ఇంకో సన్నతాడు కట్టి కింద నుంచి పట్టుకునేవాళ్లం. చిన్నాయన దాన్ని పొడుగ్గా వదిలి దూరంగా నిలబడేవాడు. గోడ దగ్గరికి వచ్చి పట్టుకోమన్నాడు ఇంజనీరు. అద్దం ఖరీదైనది మరి.

నాలుగో విడత గొట్టాలు నాకు రెండు మూరల దూరం దాకా వచ్చాయి. నేను చెయ్యి చాచాను. చక్రం పక్కకు ఒరిగింది, మోకు చక్రానికీ కప్పీ పక్క రేకుకూ మధ్య పడి నలిగింది, పీచు లేచింది, తెగింది. ఇదంతా నా కళ్లెదుటే జరిగింది. కింద చిన్నాయన పక్కకు దూకాడు, కుడి చెయ్యి ఒక్కటే వెనకబడింది. గొట్టాలు రాళ్ల మీద పడిన చప్పుడు తర్వాత వినిపించింది.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయాక ఇంజనీరు పైకి వచ్చాడు. "ఆ కప్పీ విప్పు" అన్నాడు. విప్పాను. కింద తారు కాగుతున్న పొయ్యిలో తెగిన మోకు కొసను వేయమన్నాడు. వేశాను. భోజనాల వేళకల్లా అక్కడ కొత్త కప్పీ, నీలంరంగు కొత్త మోకు ఉన్నాయి. మూడో రోజు నన్ను ఏసీ గదికి పిలిచి ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. కూలీ ముడి సరిగా వేయనందువల్ల సరుకు జారిపడిందని రాశారు. పైనున్న సాక్షిని నేనొక్కణ్ణే. "చదువుకున్నవాడివి, ఎన్నాళ్లు గొట్టాలు అందుకుంటావు? సూపర్వైజర్ పని ఖాళీగా ఉంది. ఇది జస్ట్ ఫార్మాలిటీ" అన్నాడు ఇంజనీరు. నేను కాగితం రెండుసార్లు చదివాను. అర్థం కాలేదని చెప్పుకునే వీలు లేదు. సంతకం చేశాను.

వారం తర్వాత ఆయన్ని చూడటానికి ఆసుపత్రికి పోయాను. మణికట్టు దగ్గర చెయ్యి తీసేశారు. చిన్నమ్మ బయట కూర్చుని ఉంది. చిన్నాయన నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"ముడి జారిందంట కదరా అబ్బయ్యా?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

"జారితే మోకు ఒకటే ఉంటాది. తెగితే రెండయితాది. పైన నువ్వే కదా ఉండావు. ఎన్ని చూసినావు?"

"నేను చూడలేదు చిన్నాయనా."

ఆయన తల ఊపాడు. "తిన్నావా?" అని అడిగాడు. ఆ తర్వాత మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఒంటిచేత్తో కట్టడం ఆయన ఆరు నెలల్లో నేర్చుకున్నాడు, ఎడమచెయ్యీ పళ్లూ కలిపి. ఏ సైటుకు పోయినా మేస్త్రీలు కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేవాళ్లు. ముడి జారినవాడన్న మాట ఆయన కంటే ముందే వెళ్లేది. చివరికి కాడుగోడి స్టేషన్ దగ్గర స్కూటర్లకు కాపలా కూర్చున్నాడు. నేను సూపర్వైజర్నయ్యాను, తర్వాత ఇంకా పైకి వెళ్లాను. కొత్తగా వచ్చిన కూలీలకు నేను నేర్పేది ఆ ముడే. ఎవరిదని ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన పోయినప్పుడు వెళ్లాను. గుడిసె ముందు పాడె కడుతున్నారు. తమ్ముడి వరస వాళ్లకు సరిగా రాక వెదుళ్లు కదులుతుంటే నేను చొక్కా చేతులు మడిచి వంగాను. చిన్నమ్మ వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు.

"నువ్వు ముట్టొద్దు నాయనా. వాళ్లకు ఎట్ల వస్తే అట్ల కట్టనీ."

వీధి అవతల నిలబడి చూశాను.

ఇరవై నాలుగేళ్లవాణ్ణి, భయపడ్డాను అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మొన్న వేసవికి చిన్నాయన ఆనాటి వయసు నాకూ వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ భయపడ్డానన్న ఆ మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు.