బాలమణి స్కానర్

గడ్డపోతారంలో మందుల కంపెనీ గేటు ఎదుట బాలమణి జొన్నరొట్టెలు అమ్ముతుంది. రెండు చేతులకూ పిండే గనుక పైసలు ముట్టుకోదు. రొట్టె తడుతూనే, గుంజకు అంటించిన స్కానర్ వైపు గడ్డం ఎత్తి చూపిస్తుంది. నోరు తెరిచి అడగడం ఆమెకు అలవాటు లేదు. ఈ డబ్బా కొట్టు కిరాయికి తీసుకున్న మొదటి రోజూ అలాగే చూపింది. తన స్కానర్ కింద అంటించింది గానీ, పైనున్న పాత కిరాయిదారుది పీకడం మరిచింది. పొద్దుటి షిఫ్టు వాళ్లంతా పైదానికే పైసలు కొట్టారు. మధ్యాహ్నం సంగతి తెలిసి ఫోన్ చేస్తే, "బ్యాంకోళ్లను అడుగుపో" అని ఆ మనిషి పెట్టేశాడు.

షిఫ్టు వదిలాక డబ్బా ముందు పంచాయితీ మొదలైంది. "పేరు సూసి కొట్టొద్దా? తప్పు మనదే" అన్నాడు ప్యాకింగ్‌లో పనిచేసే శ్రావణ్‌కుమార్. "ఆమె సూపెడితేనే గద కొట్టినం!" అని ఇంకొకడు ఎగిరాడు. బాలమణి పెనం దించింది. "నేను సూపిన కాడనే కొట్టిండ్రు. తప్పు నాది. తిన్న రొట్టెకు రెండుసార్లు పైసలు తీసుకుంటనా?"

"మరి రేపు పిండికెట్లక్కా?" అని శ్రావణ్‌కుమార్ అడిగాడు.

"పిండి గిర్నీల నా పేరు చెప్తె చాలు, ఉద్దెర ఇస్తరు. నువ్వు పరేషాన్ గాకు."

అందరూ కదులుతుండగా ఆమె నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది. వంద రూపాయలు పడ్డాయి. శ్రావణ్‌కుమార్ తన ఫోన్ జేబులో పెట్టుకుంటూ మొహం తిప్పుకున్నాడు. "ఆగు తమ్మీ" అని బాలమణి పెనం మళ్లీ ఎక్కించి, వందకు సరిపడా రొట్టెలు కాల్చి, కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

"గిన్ని ఎవరు తింటరక్కా?"

"గది కొట్టకముందు సోంచాయించాలె."