పాస్‌వర్డు యాడ ఉండాది?

ఆ రోజుల్లో నాకు తాళాల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. కర్నూల్లో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో కొత్తగా చేరాను. డిస్కు మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చి, పాస్‌వర్డు లేనిదే ఎవరూ చదవలేకుండా చేయడం అక్కడే నేర్చుకున్నాను. నేర్చుకున్న సాయంత్రమే నా పాత లాప్‌టాప్‌కు ఆ తాళం బిగించి, ఎవరి ఊహకూ అందకూడదని మా ఆలూరు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పాస్‌వర్డుగా పెట్టాను: 'యాడ ఉండాది'. (నా లాప్‌టాప్ కోసం దొంగలు కాచుకుని ఉన్నారని ఎందుకనుకున్నానో!) మూత మూసి హాయిగా పడుకున్నాను.

పొద్దున తెరిస్తే పాస్‌వర్డు ఒప్పుకోలేదు. 'యాడ'కు ఎన్ని 'ఏ'లు పెట్టానో, 'ఉండాది'కి ముందు 'వి' ఉందో లేదో, ఎంత తన్నుకున్నా గుర్తు రాదే! మా జేజి, అంటే మా నాయనమ్మ, చర్చిలో పాడిన పాటలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. గొంతు ఆపరేషన్‌కు ముందు రికార్డు చేసినవి. ఆ తర్వాత ఆమెకు గుసగుస తప్ప గొంతు మిగల్లేదు.

ఏడుపు మొహంతో మా సీనియర్ దగ్గరికి పోయాను. అందరం ఆమెను కడపక్క అనేవాళ్లం. తనంత తెలిసినవాళ్లు సీమలో లేరని తనే చెప్పుకునేది (నిజమే మరి). పాస్‌వర్డు ఏమని అడిగింది.

"యాడ ఉండాది."

"నేను నిన్నడిగితే నువ్వు నన్నడుగుతావేందప్పా?"

సంగతి తెలిశాక కడుపు పట్టుకుని నవ్వింది. రాత్రి యంత్రాన్ని పూర్తిగా ఆపానా, ఉత్త మూత మూశానా అని అడిగింది. మూతేనన్నాను.

"అయితే బతికినావు పో. అది నిద్రపోతాండాది. తాళంచెవి ఇంకా దాని మెమరీలోనే ఉండాది."

కరెంటు తీసేసినా ఆ చెవి కొన్ని క్షణాలు చెరిగిపోదట, చలి తగిలితే మరికాస్త నిలుస్తుందట. లాప్‌టాప్ అడుగు మూత విప్పి, కీబోర్డు దుమ్ము దులిపే గాలి డబ్బాను తలకిందులు చేసి మెమరీ చిప్పుల మీద కొట్టింది. నడి ఎండాకాలం కర్నూల్లో తెల్లటి మంచు! టక్కున యంత్రాన్ని ఆపి, తన పెన్‌డ్రైవ్‌తో లేపి, మెమరీలో ఉన్నదంతా తోడుకుని, అందులోంచి తాళంచెవిని ఏరి తీసింది. ఎవరూ తెరవలేరనుకున్న నా తాళం అన్నం వేళకు తెరుచుకుంది. అబ్బ, ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

ఆ ఆదివారమే ఊరికి పోయి జేజికి ఒక పాట వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది. మెచ్చుకుంటుందేమోనని దగ్గరికి వంగాను.

"రెండో చరణం కాడ శ్రుతి తప్పినా. అది తీసేయ్ నాయనా," అని గుసగుసగా అంది.

ఇప్పుడు ఊళ్లోవాళ్ల డిస్కులకు తాళాలు వేయడమే నా ఉద్యోగం. దీన్ని ఎవరూ తెరవలేరు సార్ అని కొత్తగా చేరినవాళ్లు చెబుతుంటే నవ్వొస్తుంది, నన్ను నేను చూసుకున్నట్టుంటుంది. ఆ చరణాన్ని మాత్రం తీసేయలేదు. జేజి పోయాక నేను ఎక్కువసార్లు వినేది అదే.