సిలిండరుక్కూడా మందు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. నర్సుగా ఎన్నో చావులు చూశాను, పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. కరోనా వచ్చిన మొదటి ఏడాది మా అక్క ఇక్కడే, దుబాయ్‌లోనే పోయింది. నన్ను కోనసీమ నుంచి తీసుకొచ్చి తను పనిచేసే ఆసుపత్రిలో చేర్పించింది ఆవిడే. ఒక్కసారి ఆ గొంతు వింటే చాలని ఎంత ఏడ్చానో. కలలోకి కూడా రాలేదు.

కొన్నాళ్లకు మా ఎమర్జెన్సీ వార్డులో సునీత చేరింది. జగిత్యాల వైపు పిల్ల. అక్కని చూసి ఎరగదు, నేను ఆవిడ ఊసు ఎత్తనూ లేదు.

ఒక మధ్యాహ్నం జెబెల్ అలీ గోడౌన్‌లో పనిచేసే ఒకాయనని పక్షవాతంతో తెచ్చారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు వెంటనే ఎక్కించాలి. దాని మోతాదు మనిషి బరువుని బట్టి ఉంటుంది. తక్కువైతే గడ్డ కరగదు, ఎక్కువైతే మెదడులో రక్తస్రావమై ప్రాణమే పోవచ్చు. ఆయనకి మాట పడిపోయింది, వెంట వచ్చినవాళ్లకి బరువు తెలియదు. మంచానికే ఉన్న తూకంలో చూశాం.

ఇలాంటి మందులకి ఇద్దరు నర్సులు ఒకరిది ఒకరు చూడకుండా లెక్క వేయాలి. కిలోకి ఎంత మందు, పంపు ఎంత వేగంతో నడవాలి అని ఎవరికి వాళ్లం వేశాం. రెండూ సరిపోయాయి. డాక్టరు కానివ్వమన్నారు.

సునీత పంపు బటన్ దాకా వేలు పోనిచ్చి ఆగిపోయింది. చటుక్కున దుప్పటి ఎత్తింది. అంబులెన్సులో పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఆయన కాళ్ల మధ్య అలాగే ఉంది. ఇద్దరం ఒకే తప్పుడు బరువు పట్టుకుని లెక్క వేశాం, అందుకే కలిసింది.

సిలిండరు తీసి, మళ్లీ తూచి, లెక్క మార్చి మందు ఎక్కించాం. ఆయన బతికాడు.

"మీరు చెప్పకపోతే ఖలాస్ అయితుండె సిస్టర్," అంది సునీత తర్వాత.

"నేనేం చెప్పాను?"

"నా ఎనక నిలబడి అన్నరు గదా. 'పిల్లా, సిలిండరుక్కూడా మందెట్టేత్తావా' అని."

నేను ఆమెకి ఎదురుగా, మంచానికి అవతల ఉన్నాను. ఆమె వెనక ఉన్నది గోడ.

ఆ మాట అక్కది. నేను కొత్తగా చేరినప్పుడు మంచం తూకం దగ్గరికి వెళితే చాలు, అలాగే ఆటపట్టించేది. అప్పట్లో ఆ వార్డులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే.

ఒక ప్రాణం దక్కినందుకు నాకూ సంతోషమే, కాదనను. కానీ సునీత మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. తోడబుట్టినదాన్ని నేను. లెక్క నేనూ వేశాను. నాకెందుకు వినపడకూడదు? చాలా రోజులు పనికి సంబంధించిన మాట తప్ప ఆ పిల్లతో మాట్లాడలేదు.

చివరికి ఉండబట్టలేక, ఆ గొంతు ఎలా ఉందని అడిగాను.

"నవ్వుకుంట అన్నట్టుండె సిస్టర్."

సిలిండరు ముందే ఓరకంట పడిందేమో, అది మనసులో మాటగా వినిపించిందేమో అనుకుందామంటే, మా ఇంటి మాట ఆమె నోటికెలా వచ్చింది? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

నవ్వుతూ అందట. ఆఖరి ఫోన్‌లో నాకు దక్కింది దగ్గు ఒక్కటే.