మూడో క్యాప్ కింద

ఇంజన్‌లో క్రాంక్ ఇరుసును మోసే మెయిన్ బేరింగ్ షెల్ అనే అరవంపు రేకుకు నూనె ఒక్క వైపే పెట్టాలి. క్రాంక్ తిరిగే లోపలి వైపు. బ్లాకులో కూర్చునే వెనక వైపు పొడిగా ఉండాలి, అక్కడ వేలిముద్ర కూడా పడకూడదు. ఇనుముకు ఇనుము అంటుకుని కూర్చుంటేనే వేడి దిగిపోతుంది, షెల్ తన చోటు నుంచి కదలదు. ఇంతే సంగతి. ఈ ఒక్క సంగతి మీద నేను మా అన్నను పోగొట్టుకున్నాను.

పోగొట్టుకున్నాను అంటే, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. ఊరికి అవతల కుంభారి కాలనీలో ఉన్నాడు. బండి మీద పోతే అరగంట దూరం. ఆ అరగంట దూరం నేను రెండేళ్లు పోలేదు.

దాజీ పేట్‌లో నేను ఇంజన్లు విప్పే షెడ్డు ఒకప్పుడు మా నాయన కార్ఖానా. నాలుగు పవర్‌లూమ్‌లు ఆడేవి. అవి పాత ఇనుము కింద పోయాక, వాటి బోల్టుల గుంతలు మాత్రం నేల మీద మిగిలాయి. పక్క కార్ఖానాలో మగ్గాలు ఇంకా ఆడుతుంటాయి, ఆ వైపు గోడ రోజంతా అదురుతుంది. గాలిలో పత్తి నూగు తేలుతూనే ఉంటుంది. అందుకని ఇంజన్ విప్పానంటే ముందు నేల తడిపి, బ్లాక్ మీద చద్దర్ కప్పుతాను. మొదట్లో స్కూటర్లు బాగుచేసేవాణ్ని, తర్వాత కార్లు, ఆ తర్వాత రేసులకు పోయే కార్లు. మామూలు కారు చిన్న తప్పు క్షమిస్తుంది. రేసు కారు క్షమించదు. ఆ మాటకొస్తే నేనూ అంతే, నాకు ముక్కు మీదే కోపం. "ఈ కోపిష్టోనికి పిల్లనెవరిస్తరు" అని మా వదిన నవ్వేది. నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. రెండు పూటలా వదిన చేతి జొన్నరొట్టే తినేవాణ్ని.

అన్న ఇరవై ఏళ్లు జాబర్‌గా చేశాడు, అంటే మగ్గాలు చెడిపోతే సరిచేసే పనివాడు. మా మగ్గాలు పోయాక నా దగ్గరికి వచ్చాడు. మగ్గంలో బుష్ వేసేటప్పుడు దాన్ని నూనెలో ముంచి, కారుతుండగానే కొడతారు. అన్న మొదట్లో షెల్‌నూ అలాగే ముంచాడు. "నూనెకు ఏం కంజూసీరా" అన్నాడు. పదిసార్లు చెప్పాను, నేర్చుకున్నాడు. ప్రతి షెల్ వెనక వైపూ తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి మరీ నా చేతికి ఇచ్చేవాడు.

మా ఇద్దరి పని ఒక పద్ధతిలో సాగేది. షెల్స్‌ను బ్లాకుకు బిగించే ఐదు క్యాప్‌లలో నేను నడిమిదైన మూడోదాని నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ పోతూ, మూడు విడతలుగా బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగిస్తాను. ఒక్కో క్యాప్ బిగియగానే "తిప్పన్నా" అంటాను. ఆయన ఇంజన్ ముందు నిలబడి, కళ్లు మూసుకుని, క్రాంక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పుతాడు. బాగుంటే "బరోబర్" అంటాడు. "పట్టుకుంటుంది" అన్నాడంటే విప్పాల్సిందే. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

రెండేళ్ల కింద పుణే నుంచి ఒకాయన తన ఎర్ర కారు ఇంజన్ కట్టించుకుని పోయాడు. మూడో రోజే ఇంజన్ బిగుసుకుని, కారు లారీ మీద తిరిగొచ్చింది. ఆయన ముందరే విప్పాను. మూడో మెయిన్ షెల్ తన చోటు నుంచి తిరిగిపోయి, మాడి నల్లబడింది. వెనక వైపు చూస్తే నూనె మెరుస్తోంది.

"మగ్గం బుద్ధి పోదు నీకు! ఎనక నూనె పెట్టినవ్!" అని అరిచాను.

"లేదురా, నేను తుడిచిన" అన్నాడు అన్న.

"అబద్ధం ఆడకు!"

కారు ఆయన విన్నాడు. పక్క కార్ఖానా వాళ్లు మగ్గాలు ఆపి విన్నారు. అన్న చేతులు తుడుచుకున్నాడు, ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. తిరిగిపోయిన షెల్ వెనకకు నూనె తనంతట తానే చేరుతుందని నాకు తెలియదా? తెలుసు. కోపంలో ఉన్నప్పుడు నాకు ఏదీ తెలియదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నన్ను చూసే అనేది.

వదినకు బీడీ కార్మికురాలిగా కుంభారిలో వచ్చిన ఇల్లు అప్పటిదాకా తాళం వేసి ఉంది. ఆ వారంలోనే వాళ్లు అక్కడికి మారిపోయారు.

తర్వాత పని ఒంటరిగానే నడిచింది. వంట చేసుకోవడం నేర్చుకున్నాను, అది వంటని చెప్పుకునేంత కాదు. చాయ్ పిల్లవాడికి చాలా రోజులు రెండు కప్పులు చెప్పాను. రెండోది చల్లారిపోతే అదీ నేనే తాగేవాణ్ని. వారం సెలవు నాడు పక్క మగ్గాలు ఆగిపోతే ఆ నిశ్శబ్దం భరించలేక అనవసరంగా ఎయిర్ కంప్రెసర్ నడిపేవాణ్ని. నాకు అన్న కావాలనిపించేది. తప్పు ఆయనది కదా, ఆయనే రావాలనీ అనిపించేది.

ఈ ఎండాకాలం ఆ పుణే ఆయనే మళ్లీ కబురు పంపాడు. అప్పుడు ఇంకో బ్లాక్ కొని నడిపించుకున్నాడు, ఇప్పుడు నా షెడ్డు మూలన పడి ఉన్న ఆ పాతదాని సిలిండర్లు బోరు చేయించి రెండో ఇంజన్ కట్టమన్నాడు. చద్దర్ తీసి, బ్లాకులోని నూనె దారులను పొడుగు బ్రష్‌తో శుభ్రం చేయడం మొదలుపెట్టాను. మూడో బేరింగ్ దగ్గర బ్రష్ ఆగింది. తీగ వంచి లోపలికి పోనిచ్చి లాగాను. నూనెకు నల్లబడిన మెరూన్ రంగు నూలు వచ్చింది. బొటనవేలంత పొడుగు, పురి పెట్టి ఉంది.

మా ఇళ్లలో రంధ్రం కనబడితే చాలు, వ్యర్థపు నూలు పురిపెట్టి దూర్చేస్తాం. మగ్గంలో నూనె పోసే రంధ్రాలకు నూగు పోకుండా చిన్నప్పటి నుంచీ చేసిన పనే. బేరింగ్ కూర్చునే చోట్లు గీకేటప్పుడు రజను లోపల పడకుండా నేనూ అలాగే దూర్చేవాణ్ని, కడిగే ముందు కొస పట్టుకుని లాగేసేవాణ్ని. ఆ పని అన్నకు ఎప్పుడూ ఇవ్వలేదు. కొస తెగి, మిగతాది లోపలే ఉండిపోయి ఉంటుంది. షెల్ కూర్చున్నాక ఎవరికి కనబడుతుంది? మూడో బేరింగ్‌కు నూనె అందలేదు. అంతే జరిగింది. ఆ పురి నాదే.

ఆదివారం పొద్దున కుంభారి పోయాను. వదిన గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఏందయ్యా, తొవ్వ తప్పినవా?" అంది. చేతులు మాత్రం ఆపలేదు.

అన్న లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. నూలు ఆయన చేతిలో పెట్టాను. రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"మన కార్ఖానా దారమే" అన్నాడు.

"నేనే దూర్చిన అన్నా. తియ్యలే. మూడో దాంట్ల ఉండెను. నీ తప్పేం లేదు. చూక్ నాది."

ఆయన తలెత్తాడు. "అయితే నేను తుడిచిననే అంటవా?"

నన్ను తిడుతున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"తుడిచినవ్ అన్నా."

"నువ్వు అంత గట్టిగ అన్నంక నాకే అనుమానం పట్టిందిరా. మర్సిపోయిననేమో అని. అప్పటి సంది ఈడి కార్ఖానాల మగ్గంకు బోల్టు బిగిచ్చి రెండడుగులు ఏస్త, మళ్ల ఎనకకొచ్చి సూస్త. మళ్ల సూస్త. పనికి దేర్ అయితుందని ఆ కార్ఖానా సేటు నన్ను జాబర్ పని నుంచి తీసి గేటుకాడ కూసోవెట్టిండు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. గుమ్మం దగ్గర వదిన చేతులు అప్పుడు ఆగాయి.

"రా అన్నా. బేరింగులు ఏసేదుంది. తిప్పనీకి ఎవరు లేరు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "బరోబర్ అననీకి నమ్మకం ఉండాలెరా. అది నాకాడ లేదిప్పుడు." నూలును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దీన్ని ఈడ ఉండనియ్యి. చాయ్ తాగి పో."

బోరు చేసిన బ్లాక్ నాలుగు రోజులకు వచ్చింది. రంధ్రాలన్నిట్లో గాలి కొట్టాను. షెల్స్ వెనక తుడిచి, ఆయనలాగే వెలుతురుకు పెట్టి చూశాను. సందు కొలిచే మైనపు పోగు పెట్టి క్యాప్‌లు బిగించి, విప్పి చూస్తే ఐదు చోట్లా కొలత సరిగ్గా ఉంది. పోగు తుడిచేసి, లోపలి వైపు నూనె రాసి, నడిమి క్యాప్ బిగించాను. "తిప్పన్నా" అని నోటికి వచ్చేసింది. రెంచ్ కింద పెట్టి, చుట్టూ నడిచిపోయి, కళ్లు మూసుకుని నేనే తిప్పాను. మెత్తగానే తిరిగింది. అయినా బరోబర్ అనడానికి నాకు నోరు రాలేదు.

ఐదూ బిగించాక అన్నీ విప్పాను. క్రాంక్ ఎత్తి పక్కన పెట్టి, మూడో షెల్ తీసి, రంధ్రంలోకి టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. మళ్లీ తుడిచి, మళ్లీ బిగించాను. చేతులు కడుక్కోవడానికి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ విప్పాను.