మా అవ్వ పాటలో ట్రాక్టరు

మా మనవడు ఫోనులో రెండు పాటలు కలిపి అతికించి "ఇది నా పాట" అంటాడు. వింటే నాకు నవ్వాగదు. మా అవ్వ జీవితమంతా పాటలు కట్టింది, ఒక్కదాన్నీ తనదని ఒప్పుకోలేదు.

మా దీవిలో రాకిరాకి చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు ఆవిడే పాడాలి. మగవాళ్లు ఒకపక్క యంగోనా వేరు కలిపిన మత్తునీళ్లు తాగుతూ కూర్చుంటే, ఇటు ఆడవాళ్ల మధ్య నుంచి అవ్వ గొంతు లేచేది. వియ్యపురాలు ఎక్కగానే ట్రాక్టరు టైర్లు కుంగిపోయాయని పాడితే, ముందు నవ్వేది ఆ వియ్యపురాలే. ఎవరు కట్టారని అడిగితే ఒకటే జవాబు: "మాయమ్మ పాట." ఆ అమ్మ గిర్మిట్ కాలంలో, కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చి చెరుకు తోటల్లో పనిచేసిన మనిషి. పాత పాటలో ఎన్ని మాటలు మార్చినా పెద్దల పేరే చెప్పడం వాళ్ల పద్ధతి. నాది అనడం వాళ్ల దృష్టిలో తలపొగరు.

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చాక గాలి మారింది. ఏ సభకు వెళ్లినా సొంతంగా ఏదైనా చేసి చూపాలన్న మాటే. లౌటోకాలో మనవాళ్ల సంఘం సొంత పాటల పోటీ పెట్టింది. నేనప్పుడు కొత్తగా టీచరునయ్యాను. అవ్వకు బహుమతి రావాలని, ఆమె గొప్పతనం అందరికీ తెలియాలని నా ఆరాటం. వద్దంటున్నా వినకుండా బస్సెక్కించాను.

అవ్వ పాడితే హాలంతా పగలబడి నవ్వింది. బహుమతి ఎవరికో తేల్చడానికి సువా నుంచి వచ్చిన వకీలుగారు కళ్లు తుడుచుకుంటూ, "ఇది మీరే కట్టారా అమ్మా?" అని అడిగారు.

"కాదు బాబూ. మాయమ్మ పాట."

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి అరిచాను. "అవ్వా, మీ అమ్మ కాలంలో ట్రాక్టరెక్కడిది?"

వకీలుగారు నవ్వి, "అయితే ఆ చరణం మీదే కదా? అవునంటే చాలు" అన్నారు.

అవ్వ నా వైపు తిరిగింది. "కాహే అరుస్తావు? మాయమ్మ ఉంటే ట్రాక్టర్ చూడదా? చూస్తే పాడదా?"

బహుమతి ఇంకెవరికో పోయింది. తిరుగు బస్సులో మూతి ముడుచుకుని కూర్చున్నాను. అవునంటే నీ సొమ్మేం పోయేదని సణిగాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మాయమ్మకి ఫోటో లేదు, ఏం లేదు. పాట నాది అంటే, ఆమె యాడ ఉంటాది?"

నాకు ఏడుపొచ్చేసింది. అవ్వ మాత్రం అప్పటికే వకీలుగారి బొజ్జ మీద కొత్త చరణం ఎత్తుకుంది. వెనక సీట్ల ఆడవాళ్లు అందుకున్నారు. నేను ముక్కు తుడుచుకుని చప్పట్లతో తాళం వేశాను. ఎన్నడూ చూడని మా ముత్తవ్వ ఆ బస్సులోనే కూర్చుని పాడుతోందనిపించింది.