సోమ్దీ ఇంటి వంతు

నామ్ ఊ నది ఎగువన, కొండల్లోని చిన్న ఊరు హువాయ్‌సాన్‌లో, వీపున మూటతో వచ్చే విదేశీయులకు ఇంటింటికీ వంతులేసి డబ్బుకు బస ఇస్తారు. సోమ్దీ వంతు ఏడాదికోసారి. కొండపొలంలో గుంటలు పొడిచి విత్తనం వేయడం, వెదురు కొమ్ములు ఏరడం, మొగుడు ఫెంగ్సీతో పోట్లాడడం - యాభై ఏళ్లూ అలాగే గడిచాయి. అతిథుల కోసమని రెండేళ్లుగా బూరుగు దూది పోగుచేసి రెండు పరుపులు కుట్టింది. వాటి మీద ఇంకా ఎవరూ పడుకోలేదు.

వంతు వచ్చేసరికి ఫెంగ్సీ జ్వరంతో మంచాన పడ్డాడు. మంత్రగాడు కోడిని కోసి, బెదిరిపోయిన ప్రాణాన్ని వెనక్కి పిలిచి, రోగి మణికట్టుకు నూలు కట్టాడు. మెట్ల మొదట వెదురుపేళ్లతో నక్షత్రంలా అల్లిన చుక్క వేలాడదీశాడు. అది ఉన్న మూడు రోజులూ పరాయి మనిషి మెట్టెక్కకూడదు. ఎక్కితే ఆ ప్రాణం మళ్లీ బెదిరిపోతుంది, ఇక తిరిగి రాదు.

రెండోనాటికి ఫెంగ్సీ జావ తాగాడు. ఆ సాయంత్రమే ఊరిపెద్ద భార్య కియో ఒక విదేశీ జంటను వెంటబెట్టుకొచ్చింది. ఎల్లుండికి మార్చమని సోమ్దీ బతిమాలింది.

"మార్చడాల్లేవు వదినా. వద్దంటే మా ఇంటికి తీసుకుపోతా. నీకు మళ్లీ వచ్చే ఏడే."

"ఆయన లోపలున్నాడు కదే."

"ఉంటే? ఆయన పక్కలో పడుకోబెట్టమన్నానా?"

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. సోమ్దీ చుక్కను విప్పి లుంగీ మడతల చాటున దాచింది. వచ్చినవాళ్లు ఒక్కరి భోజనమే ఇద్దరికీ చాలని వేళ్లతో బేరమాడి పైకెక్కారు.

చెక్కనేల మీద అడుగుల చప్పుడుకి ఫెంగ్సీ కళ్లు తెరిచాడు.

"చుక్క ఏదే?"

"గాలికి పడిపోయింది."

"గాలికి బూట్లు కూడా ఉన్నాయా?"

అతను మణికట్టు నూలును పళ్లతో తెంపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. జావ పెదాలకు ఆనిస్తే ఉమ్మేశాడు. పొద్దున ఆ విదేశీ జంట, పరుపులు మెత్తగా ఉన్నాయని చేతులతో చెప్పి వెళ్లిపోయింది. వాళ్లు వెళ్లిన మూడోనాడు ఫెంగ్సీ పోయాడు.

పాతిపెట్టాక ఊరు పంచాయితీకి కూర్చుంది. ప్రాణాన్ని తరిమిన కొంపలో అతిథుల్ని ఉంచితే ఊరికే కీడని, సోమ్దీ ఇంటిని వంతులోంచి తీసేయమని మొదట అడిగింది కియోయే.

"వాళ్లను నా మెట్ల దగ్గరికి తెచ్చిందెవరు?" అంది సోమ్దీ.

కియో తడుముకోలేదు. "తెచ్చింది నేనే వదినా. చుక్క విప్పిందెవరు?"

వంతు పక్కింటికి జరిగింది.