మేకుకు మిగిలిన దారం

సేఫ్టీ సారు పోయారన్న కబురు నాకు హోసూరు బస్టాండులో అందింది. వాళ్లమ్మాయి ఫోను చేసి, రాత్రి పడుకున్న నాన్న పొద్దున లేవలేదని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. నేను ఎక్కవలసిన బస్సు నా కళ్లముందే కదిలిపోయింది. చేయెత్తి ఆపాలని కూడా తోచలేదు.

కెలవరపల్లిలో వాళ్ల ఇంటికి చేరేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. ఆనవాయితీ ప్రకారం రెండు చేతుల బొటనవేళ్లనూ కలిపి దారంతో కట్టారు. నా చూపు ఆ దారం దగ్గరే ఆగిపోయింది. ఉంగరం గానీ, వాచీ గానీ, పూజలో కట్టే తోరం గానీ ఆ చేతులకు నేను ఒక్కనాడూ చూడలేదు. ప్రాణం ఉంటే అదీ కట్టనిచ్చేవారు కాదు.

ఆయన బండ్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి, రిటైరయ్యాక మా ఐటీఐకి వచ్చారు. నేను అక్కడ డ్రాయింగు చెబుతాను. పిల్లల్ని ట్రైనింగు కోసం ఫ్యాక్టరీలకు పంపే ముందు, అక్కడినుంచి ప్రాణాలతో, కాళ్లూ చేతులతో తిరిగి రావడం ఎలాగో చెప్పడం ఆయన పని. మొదటి క్లాసులో బల్ల మీద రెండు చేతులూ పరిచి చూపించేవారు. "వేళ్లు పదీ ఉండాయి, చూసుకోండి. నా సర్టిఫికెట్టు ఇదే" అనేవారు. పిల్లలు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు.

ఆయనతో ఎక్కడికి వెళ్లినా తిప్పలే. టీ కొట్టులో టీ చెప్పకముందే వంగి గ్యాసు ట్యూబు చూసేవారు. సినిమా హాల్లో బయటికి దారి ఎటుందో తేల్చుకుని గానీ కూర్చునేవారు కాదు. సొంత కూతురి పెళ్లిలో వియ్యంకుడు పలకరించబోతే, పందిరి వెనక కరెంటు వైరు అతుకులు వెతుకుతూ దొరికారట. "ఈయన్ని తీసుకపొయ్యేదానికి యముడు గూడా హెల్మెట్టు పెట్టుకోని రావాల" అని వాళ్లావిడ ఆడిపోసుకునేది. మాకూ అదంతా చాదస్తంగానే ఉండేది. ఇప్పుడు ఆ చాదస్తం చూపించే మనిషి లేడు.

మా వేప్పనపల్లి వైపు పల్లెల్లో ఒక అలవాటు ఉంది. బిడ్డ మొదటిసారి పనికి బయలుదేరితే, తల్లి గంగమ్మ పాదాల దగ్గర పెట్టిన పసుపు దారం తెచ్చి మణికట్టుకు కడుతుంది. దాన్ని మనంతట మనం తెంపకూడదు, అదే అరిగి పడిపోవాలి. నాకూ మా అమ్మ కట్టింది. డ్రాయింగు బల్ల దగ్గర దానివల్ల వచ్చే నష్టం లేదు. తిరిగే మిషను దగ్గర మాత్రం ఆ దారమే గండం.

సారు ఆ సంగతి నోటితో చెప్పేవారు కాదు. సంతలో కొన్న మునక్కాయకు అలాంటి దారమే చుట్టి, ఒక కొస వదిలేసి, తిరుగుతున్న డ్రిల్లింగు మిషను దగ్గరికి తీసుకువెళ్లేవారు. రెప్ప వేసేలోగా కాయ మెలితిరిగి ముక్కలై మా కాళ్ల మీద పడేది. ఇంట్లో సాంబారుకు మునక్కాయ మిగలనివ్వడని వాళ్లావిడ సణిగేది. "మిషనుకు సామీ తెలీదు, సామి దారమూ తెలీదురా. దొరికినదాన్ని లాగుతుంది, అంతే" అనేవారు సారు. అప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు.

అలాగని ఆయన దేవుణ్ణి ఎగతాళి చేసే మనిషి కాదు. వర్క్‌షాపు గోడకు ఒక పలక బిగించి, దానికి వరసగా మేకులు కొట్టారు. దారం తెంపొద్దు, ముడి విప్పి ఇక్కడ తగిలించి వెళ్లండి, వచ్చాక మళ్లీ కట్టుకోండి అని చెప్పేవారు. "గంగమ్మ ఈడనే ఉంటుంది, యాడికీ పోదు. పొద్దున ఎట్ల పోయినారో సాయంత్రం అట్లనే ఇంటికి రావాల. అదే పని. తక్కినదంతా జీతం." ట్రైనింగు ముగిసిన రోజు పిల్లలు తోసుకుంటూ వచ్చి ఎవరి దారం వాళ్లు తీసుకునేవారు. పలక ఖాళీ అయ్యేదాకా సారు అక్కడినుంచి కదిలేవారు కాదు.

ఒక ఏడు పలక ఖాళీ కాలేదు.

మిగిలిన దారం మా వైపు పిల్లవాడిదే, మేకలు కాసుకునే ఇంటి బిడ్డ. ఫ్యాక్టరీలో, లోపల రెక్కలు తిరిగి పెయింటు కలిపే పెద్ద డ్రమ్ములోకి దిగి కడగమన్నారు. అలాంటప్పుడు స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. తాళం నీదై ఉండాలి, చెవి నీ దగ్గరే ఉండాలని సారు నూరిపోసి పంపిన మాటే అది. వాడు తాళం అడిగాడట. అట్లాంటివి ఇక్కడ లేవు, బిరీన దిగమన్నారట. వాడు లోపల ఉండగా, సంగతి తెలియని ఇంకో షిఫ్టు మనిషి వచ్చి స్విచ్చి వేశాడు. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చెప్పినా ఒరిగేదేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తర్వాత తాళాలు కొన్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక అవి కూడా కనబడలేదని అక్కడ పనిచేసేవాళ్లు చెప్పారు.

ఆ దారం తల్లికి ఇచ్చి రావాలని సారు బయలుదేరారు. ఆడమనిషి తోడుంటే మేలని నన్నూ రమ్మన్నారు. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. సారు చేతిలోని దారం చూసింది గానీ చేయి చాపలేదు.

"గంగమ్మ దగ్గర పెట్టి నేను కట్టి పంపినాను. నువ్వు విప్పించినావు. చేతికి అది ఉన్నింటే నా కొడుకు పోయుండునా అప్పా?"

ఆమె అరవలేదు. ఏడవనూ లేదు. నేను తాళం సంగతి చెప్పబోయాను. సారు వద్దన్నట్టు తల ఊపారు. దారం మళ్లీ జేబులో పెట్టుకుని, ఆమెకు దండం పెట్టి వచ్చేశారు. బస్సులో కూర్చున్నాక అన్నారు: "ఆమె తప్పేముందమ్మా. తాళం సంగతి ఆమెకు యాడ తెలుస్తుంది? దారం తీసినది తెలుసు. తీయించింది నేనని తెలుసు."

ఆ దారం పలక మీద దాని మేకుకే చేరింది. క్లాసులు ఆగలేదు, మునక్కాయలూ ఆగలేదు. కానీ ఆయన గొంతులో బిగువు పోయింది. ఒకనాడు పలక ముందు నిలబడి నాతో అన్నారు: "నేను చెప్పేది అబద్ధం కాదమ్మా. అయినా ఏం లాభం? బిడ్డలకు నేను చెప్తాను. మిషను పెట్టినోనికి ఎవరు చెప్తారు?" నాకు ఏడుపు వచ్చింది.

సారు పోయాక ఐటీఐ వాళ్లు ఆయన చోట ఎవరినీ తీసుకోలేదు. పిల్లలకు ఒక వీడియో చూపించి సంతకాలు తీసుకుంటే సరిపోతుందట. ఆ ఒక్క క్లాసు నన్ను చెప్పనివ్వండని అడిగితే, కానివ్వమన్నారు. సంతలో మునక్కాయ కొన్నాను. దారం చుట్టాను. కాయ ముక్కలైంది. పిల్లలు కళ్లప్పగించి చూశారు. ఇక దారాలు విప్పి పలకకు తగిలించమన్నాను. ఒక్క చేయి కూడా ముడి మీదికి పోలేదు. అందరూ మేకుకు మిగిలిన ఆ పాత దారం వైపే చూస్తున్నారు.

మా ఊరి పక్క అమ్మాయి ఒకతె మెల్లగా లేచింది. "ఆ అన్న తీసేసే పోయినాడంట కదా మేడం."

సారు ఆ తల్లికి చెప్పని మాట వీళ్లకు చెప్పాను. దారం వల్ల కాదని, స్విచ్చికి తాళం లేకపోవడం వల్ల పోయాడని విడమర్చి చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది.

"అయితే ఆడ మాకు తాళం ఇస్తారా మేడం?"

అడగండి అన్నాను. అడిగాడు కదా వాడు కూడా. ఆ మాట నా మొహంలో కనబడి ఉంటుంది, ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా కూర్చుంది. ఇన్నేళ్లు సారు చెప్పిన పాఠం ఆ ఒక్క దారం ముందు ఓడిపోయింది.

మర్నాడు పిల్లల్ని ఫ్యాక్టరీలకు తీసుకువెళ్లే బస్సు వచ్చింది. ఏటా సారు నిలబడే గేటు దగ్గర నేను నిలబడ్డాను. కిటికీల్లోంచి చేతులు బయట పెట్టకూడదన్న ఆయన మాట నిన్న క్లాసులో నేను చెప్పాను, అదీ అప్పుడే మరిచారు. బస్సు కదలగానే అందరూ చేతులు చాపి నాకు ఊపారు. ఏ మణికట్టు చూసినా పసుపు దారమే. మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు.